ఎర్ర పట్టీ ఎవరు పెట్టారు

నాకు అనుమానం జబ్బు. మా నాన్న నుంచి వచ్చింది. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంట్ స్టోర్సులో చేరాడు. బయటికిచ్చే ప్రతి సామానూ రెండుసార్లు చూసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. పాలవాడు పోసి వెళ్ళాక గిన్నెలో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందా జారుతుందా అని చూసేవాడు. నేనైతే ఇప్పటికీ తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. ఈ జబ్బు వల్ల నేను పెద్దగా నష్టపోలేదు. నష్టపోయింది ఇంకొకరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ద్వారకా నగర్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కింద అంతస్తులో కోచింగ్ సెంటరు. పొద్దుటి నుంచీ మైకులో భౌతికశాస్త్రం మా గదిలోకి వచ్చి పడుతుండేది. ఆఫీసంటే ముగ్గురమే: యజమాని, నేను, టైపు చేసే అమ్మాయి. యజమానిది పెందుర్తి. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా కరెంటు రీడింగ్ తీసేవాడి దగ్గర్నుంచి నా దాకా అందరినీ ‘బావ’ అనే పిలిచేవాడు. మనిషి మంచివాడే. ఎందుకింత మంచిగా ఉంటున్నాడా అని నాకు మొదటి ఆర్నెల్లూ అనుమానం.

ఫిషింగ్ హార్బర్లో బోటు యజమానుల సంఘం ఒకటి మాకో వెబ్‌సైటు పని ఇచ్చింది. తీరంలో మూడు రేవులకి మూడు పేజీలు: ఉత్తరాన ఉన్న రేవుకొకటి, మన హార్బరుకొకటి, దక్షిణాన ఉన్నదానికొకటి. రోజూ సాయంత్రం నాలుగింటికి వాతావరణం కబురు మా ఆఫీసు ఫ్యాక్సుకి వచ్చేది. టైపు చేసే అమ్మాయి దాన్ని తెలుగులో ఎక్కించేది. ఏ రేవు దగ్గర సముద్రం బాగా లేదో ఆ రేవు పేజీకి ‘హెచ్చరిక’ అనే గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు పేజీ నెత్తిమీద ఎర్ర పట్టీ వచ్చి, అందులో ‘వేటకు వెళ్ళరాదు’ అని పడుతుంది. ఆరింటికి హార్బర్లో సంఘం గుమాస్తా తన కంప్యూటర్లో పై నుంచి వరసగా మూడు పేజీలూ తెరిచి చూసుకుని, బయట గోడకున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాడు. మర్నాడు తెల్లవారుజామున ఏ బోటు కదలాలో, ఏది ఆగాలో ఆ బల్లే చెప్పేది.

ఆ ఎర్ర పట్టీ నా చేతిపని. మేం వాడింది జావాలో రాసిన కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. అందులో టైపు చేసిన సరుకు ఒకచోట ఉంటుంది, పేజీ అచ్చు ఇంకోచోట ఉంటుంది. రెంటినీ కలిపేది ట్యాగ్. సిస్టమ్‌తో పాటు వచ్చిన ట్యాగులు కొన్ని ఉన్నాయి గానీ, పరాయివాడు రాసింది నేను నమ్మను కదా. మా కోసం సొంతంగా ఒక ట్యాగ్ లైబ్రరీ రాశాను. పేజీలో నా చిన్న ట్యాగ్ ఒకటి పెడితే చాలు. దాని వెనక నా జావా ప్రోగ్రాం నడిచి, ఆ రేవుకి టిక్కు ఉందో లేదో చూసి, ఉంటే ఎర్ర పట్టీ గీస్తుంది. పది రోజులు కూర్చుని రాశాను. “బావ, నీ ట్యాగ్ అదిరింది” అన్నాడు యజమాని. నాకూ అలాగే అనిపించింది.

టైపు చేసే అమ్మాయిది సముద్రం ఒడ్డున జాలరిపేట. ఇంటర్ చదివి టైపు నేర్చుకుంది. తండ్రికి ఒక బోటు ఉంది, దాని మీద నలుగురు కలాసీలు వెళ్ళేవారు. ఆమెకి మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒక పొడుగు నోటుబుక్కు ఎప్పుడూ కీబోర్డు పక్కనే ఉండేది. నేను సర్వరుకి పాస్‌వర్డ్ కొడుతుంటే నా వేళ్ళకేసి చూసేది. పని నేర్చుకుందామని చూసేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం భుజం అడ్డం పెట్టుకుని కొట్టేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే హార్బర్ గుమాస్తా ఫోన్ చేశాడు.

“ఏటండీ, నిన్న సాయంత్రం మన పేజీలో ఎర్రది ఎట్టారు. నాను బల్ల మీద రాసీసాను. బోట్లు కదల్నేదు. తీరా సూత్తే సముద్రం సెరువునాగ ఉన్నాది.”

ఫోన్ పెట్టేసి, ఏ పనికైనా ముందు చేసే పనే చేశాను. సర్వర్ ఆపి, మళ్ళీ మొదలుపెట్టాను. లోపల పాత చెత్త ఏదైనా మిగిలి ఉంటే దాని మీద చూసింది నమ్మడానికి వీల్లేదని నా పద్ధతి. రోజూ పొద్దున్నా అంతే, ఏదైనా పరీక్షించే ముందూ అంతే. తర్వాత మన హార్బరు పేజీ తెరిచాను. కడిగిన ముత్యంలా ఉంది. ఎర్ర పట్టీ లేదు. గడిలో టిక్కూ లేదు.

“నిన్న మన హార్బరుకి టిక్కు పెట్టావా అమ్మా?”

“నేదు సార్. ఉత్తరం పేజీకే ఎట్టాను. కాయితంలో అలాగే ఉన్నాది” అని ఫ్యాక్సు తీసి చూపించింది. నిజమే.

గుమాస్తా చూపు ఆనలేదేమో అనుకున్నాం. వారం తిరక్కుండా మళ్ళీ అదే ఫోన్. మళ్ళీ ఆపాను, మొదలుపెట్టాను, చూశాను. ముత్యం. మూడోసారి ఫోన్ చేసినప్పుడు గుమాస్తా గొంతు తగ్గించాడు.

“ఒక్క బోటు మాత్రం మూడు సార్లూ ఎల్లిందండి. నిండా సేపల్తో వచ్చింది. ఎవలిదో తెలుసా? మీకాడ టైపు సేసే గుంట నాన్నది.”

నా బుర్రలో అన్నీ టకటకా సర్దుకున్నాయి. సాయంత్రం టిక్కు పెడుతుంది. బోట్లన్నీ ఆగిపోతాయి. తండ్రి ఒక్కడే వెళ్తాడు. పొద్దున్న ఫోన్ మోగగానే, నేను చూసేలోపు టిక్కు తీసేస్తుంది. ఫోన్ నా బల్ల మీద, ఆమె కుర్చీ దానికి రెండడుగుల దూరం. నిప్పు లేనిదే పొగ ఎందుకొస్తుంది? నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, దానికంటే ముందు సంతోషం కలిగింది. దొరికింది, అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె వెనకాలే బస్సుల కాంప్లెక్సు దాకా నడిచాను. బస్సెక్కకుండా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళింది. నేను పక్క దుకాణంలో అరటిపళ్ళు బేరం చేస్తున్నట్టు నిలబడ్డాను. బూత్ తలుపు సరిగ్గా పడలేదు.

“ఐసు కొట్టు బాబాయేనా? మా నాన్నకి సెప్పు, రేపు ఏటీ నేదంట, ఎల్లొచ్చు. ఆఁ, నానే టైపు సేసాను.”

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అరటిపళ్ళవాడు “కొంటారా కొనరా బాబూ” అంటే, కొనకుండానే వచ్చేశాను.

మర్నాడే ఆమెకి తెలియకుండా సిస్టమ్‌లో నిఘా పెట్టాను. ఎవరు, ఎప్పుడు, ఏ పేజీలో ఏం మార్చారో మొత్తం ఒక ఫైలులో రాసుకుంటుంది. వారం తర్వాత నాలుగోసారి ఫోన్ వచ్చింది. ఆత్రంగా ఫైలు తెరిచాను. అంతా ఫ్యాక్సులో ఉన్నట్టే ఉంది. ఉత్తరం రేవుకి టిక్కు. మన హార్బరుకి టిక్కు పెట్టినట్టూ లేదు, తీసినట్టూ లేదు. మామూలు మనిషైతే అక్కడితో ఆగుతాడు. నేను మాత్రం, నిఘాకి దొరక్కుండా చేసే ఉపాయం కూడా కనిపెట్టిందన్నమాట, అనుకున్నాను. ఆమె భోజనానికి లేచినప్పుడు ఆ పొడుగు నోటుబుక్కు తెరిచి చూశాను. తేదీల పక్కన గుండ్రటి అక్షరాలు: ‘ఉత్తరం చూసి మనది – ఎర్ర.’ ‘మనది ముందు – లేదు.’ ‘సార్ ఆపి మొదలెట్టాక – లేదు.’ పేజీ నిండా ఇవే. ఏ రోజు ఏం చెయ్యాలో రాసుకున్న పథకం అనుకుని, ఉన్నచోటే పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత తనే నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, నానొకటి సూసాను. ముందు ఉత్తరం పేజీ తెరిసి, తరవాత మనది తెరిత్తే ఎర్రది వత్తంది. ముందే మనది తెరిత్తే రావట్నేదు. ఒకపాలి మీరూ సూడండి.”

నేను సర్వర్ ఆపి, మొదలుపెట్టి, మన పేజీ తెరిచాను. “ఏదీ? ఎక్కడ?”

“అలాక్కాదు సార్. ఆపకుండా సూడండి.”

“ఆపకుండా చూస్తే లోపలి చెత్తంతా ఉంటుంది. అది చూసి ఏం లాభం?”

“హార్బర్లో కనపడేది ఆ సెత్తే కదండి” అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది, అని మనసులో అనుకుని తల తిప్పుకున్నాను. నా అనుమానమంతా ఆ సాయంత్రమే యజమానికి చెప్పాను. అడగకుండానే ఈ వివరణ ఎందుకు ఇస్తోంది, అన్నాను కూడా.

ఆ శనివారం సంఘం పెద్ద మా ఆఫీసుకి వచ్చాడు. నలుగురం కూర్చున్నాం. యజమాని ముందు నన్నే అడిగాడు.

“బావ, నీ ప్రోగ్రాంలో ఏటైనా తేడా ఉన్నాదేటి?”

“లేదు” అన్నాను. తడుముకోలేదు.

సంఘం పెద్ద ఆమె వైపు తిరిగాడు. “మరైతే అందరూ ఆగిపోతే మీ నాన్న బోటెందుకు ఎల్లిందమ్మా?”

“నానే ఎల్లమన్నానండి. కాయితంలో మనకి హెచ్చరిక నేదు. నా సేత్తో నానే టైపు సేసాను. నాను టైపు సేసింది నాను నమ్మకూడదేటి?”

కింద మైకులో పంతులుగారు ఘర్షణ గురించి చెబుతున్నాడు. సోమవారం నుంచి రానక్కర్లేదని యజమాని మెల్లిగా అన్నాడు. ఆమె ఏడవలేదు. క్యారేజీ, గొడుగు తీసుకుని మెట్లు దిగిపోయింది. నోటుబుక్కు బల్ల మీదే ఉండిపోయింది. మర్చిపోయిందో, కావాలనే వదిలిందో ఈ రోజుకీ తెలియదు.

ఇంకో మనిషి దొరికేదాకా టైపు పని నేనే చేశాను. రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి. చూశారా, అన్నాను యజమానితో. అసలు సంగతి, ఆ రెండు వారాలూ ఏ రేవుకీ హెచ్చరిక రాలేదు. తర్వాత ఒకరోజు ఉత్తరం రేవుకి వచ్చింది. నా చేత్తో నేనే టిక్కు పెట్టాను. మర్నాడు పొద్దున్న నేను ఇంకా కుర్చీలో కూర్చోకుండానే ఫోన్ మోగింది.

“ఏటండీ, మళ్ళీ ఎర్రది. ఇప్పుడెవలు ఎట్టారు?”

ఫోన్ పట్టుకుని గదంతా చూశాను. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. యజమానికి కంప్యూటర్ తెరవడమే రాదు. అలవాటు కొద్దీ సర్వర్ ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆపకుండా సూడండి, అంది కదా. అలాగే మన పేజీ తెరిచాను. నెత్తిమీద ఎర్ర పట్టీ. గడిలో టిక్కు లేదు.

ఆమె నోటుబుక్కు తీసి ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చేశాను. ఆపి మొదలుపెట్టి మనది తెరిచాను: లేదు. ఉత్తరం తెరిచాను: ఎర్ర. మళ్ళీ మనది: ఎర్ర. ఇంకోసారి చేశాను. అదే. ఆ అమ్మాయికి జావా ఒక్క ముక్క రాదు. నాకు చేతకాని పరీక్ష ఆమె చేసి, తేదీలతో సహా రాసిపెట్టింది.

తప్పు ఎక్కడుందో పావుగంటలో దొరికింది. సర్వర్ ప్రతి పేజీకీ కొత్త ట్యాగ్ తయారు చెయ్యదు. ఒకసారి వాడినదాన్ని పక్కన పెట్టుకుని, ఇంకో పేజీకి మళ్ళీ దాన్నే వాడుతుంది. పులుసులో తిప్పిన గరిటెనే పప్పులో పెట్టినట్టు. మధ్యలో కడగడం ట్యాగ్ రాసినవాడి బాధ్యత. నేను, టిక్కు ఉంటే ఎర్ర అని లోపల గుర్తు పెట్టుకోమన్నాను. పని అయ్యాక ఆ గుర్తు చెరపమని రాయలేదు. గుమాస్తా పై నుంచి వరసగా చూస్తాడు కాబట్టి ముందు ఉత్తరం పేజీ, తర్వాత మనది. అక్కడి హెచ్చరిక ఇక్కడికి అంటుకొచ్చేది. నేను చూసినప్పుడల్లా ఆపి మొదలుపెట్టడం వల్ల గరిటె కొత్తది వచ్చేది. ఎవర్నీ నమ్మని నా పద్ధతే నా తప్పుని నాకు కనపడకుండా కాపాడింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను. వెతకడమా, ఇంకొకరి పిల్లని పట్టుకుని దొంగ అన్నాను. గుర్తు చెరిపే వరస ఒకటి రాశాను. ఒక్క వరస. రాసి, కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

యజమానికి చెప్పాను.

“సరిసేసీసావు కదా బావ. ఇంక ఊరుకో. సంఘానికి సెప్తే మన పేరు పోద్ది. ఆ గుంట ఎక్కడో సోట సేరిపోద్దిలే.”

ఊరుకున్నాను. ఒకటి కాదు రెండు కాదు, పది రోజులు. ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి, టైపు చేసేవాణ్ణి, ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. గాజువాక వెళ్ళే బస్సులో ఆమెలాంటి గొడుగు కనిపిస్తే వెనక తలుపులోంచి దిగిపోయేవాణ్ణి.

పదకొండో రోజు గుమాస్తా కంప్యూటర్ మొరాయించిందని హార్బరుకి వెళ్ళాను. సాయంత్రం అయిదు దాటింది. జెట్టీ నిండా బోట్లు ఐసు ఎక్కించుకుంటున్నాయి, కలాసీలు డీజిల్ డబ్బాలు అందించుకుంటున్నారు. చివర ఒక బోటు ఊరికే కట్టేసి ఉంది. దాని ముందు ఒక ముసలాయన ఒక్కడే వల బాగుచేసుకుంటున్నాడు. ఆ బోటు ఎవరిదని గుమాస్తాని అడిగాను. అడిగేముందే తెలుసు.

“ఆ గుంట నాన్నదేనండి. కలాసీలు దిగిపోయారు. తోటోల్ల నోట్లో మట్టి కొట్టినోడి బోటు మేం ఎక్కం అన్నారు. ఒక్కడూ ఏటి సేత్తాడు? నెలయిపోనాది, బోటు కదల్నేదు.”

ముందే చెప్పేస్తాను, ఆమె తిరిగి మా ఆఫీసుకి రాలేదు. పిలిస్తే రానంది. తర్వాత ఒక షిప్పింగ్ ఆఫీసులో చేరిందని విన్నాను. నా ఉద్యోగం కూడా ఆ నెలతో పోయింది, పోవాల్సిందే. కానీ ఆ సాయంత్రం నాకు ఇవేవీ తెలియవు. ఆ కట్టేసిన బోటు ఒక్కటే కనపడుతోంది. ఆరింటికి గుమాస్తా, నేను బాగుచేసిన కంప్యూటర్లో చూసుకుని, బల్ల మీద వాతావరణం రాసి లోపలికి వచ్చాడు. అతని చేతిలోని సుద్దముక్క ఇమ్మన్నాను.

“ఏటి రాత్తారు?”

“ఇంకో నాలుగు ముక్కలున్నాయి.”

బయటికెళ్ళి, వాతావరణం కింద మిగిలిన జాగాలో రాశాను. ‘మన పేజీలో ఇన్నిసార్లు వచ్చిన ఎర్ర హెచ్చరిక తప్పు. టైపు చేసిన అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. తండ్రికి ఆమె చెప్పిందే నిజం. తప్పు కంప్యూటర్ ప్రోగ్రాంలో ఉంది. అది చూసుకోకుండా నింద ఆమె మీద వేశారు.’ వేశారు అని రాసి, చేత్తో చెరిపి, ‘వేశాను’ అని రాశాను.

వెనక్కి తిరిగేసరికి ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో వల అల్లే కదురు.

“బాబూ, నాకు సదువు రాదు. ఇయాల ఏటి రాసున్నాది? రేపు ఎల్లొచ్చా?”

ఎక్కడానికి మనిషి లేని బోటు పెట్టుకుని, రోజూ సాయంత్రం వచ్చి ఇలాగే అడుగుతాడని గుమాస్తా తర్వాత చెప్పాడు. నేను వాతావరణం చదివాను. గాలి మామూలుగా ఉంది, వెళ్ళొచ్చు, అన్నాను. ఆయన తలూపి, “ఆ కిందదేటి?” అన్నాడు.

చదివాను. ఆయన బల్లకేసే చూస్తూ విన్నాడు. చివరికి వచ్చాక అడిగాడు.

“ఎవడాడు, ఆ రాసినోడు?”

“నేనేనండి.”

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, జెట్టీ వైపు తిరిగి చెయ్యెత్తి కేకేశాడు. ఐసు బుట్టలు దించి ఒక్కొక్కరే వచ్చారు. అందులో ఆయన బోటు దిగిపోయిన నలుగురూ ఉన్నారని, వాళ్ళు దూరంగా ఆగిన తీరు చూస్తేనే తెలిసింది.

“ఇంకోపాలి సదువు బాబూ” అన్నాడు.

మళ్ళీ మొదట్నుంచి చదివాను. మొహం బల్లకేసే తిప్పి ఉంచాను.

“ఆల్లకి ఇనపడ్నేదు” అన్నాడాయన. “గట్టిగా సదువు.”

గట్టిగా చదివాను.